నలుగురి ముందు నోరు పారేసుకునే బాస్‌తో ఎలా నెగ్గుకురావాలి

"నీ జీతం దండగ." "నీకు డిగ్రీ ఎవడిచ్చాడు?" "నువ్వు పోతే నీలాంటోళ్లు వందమంది లైన్లో ఉన్నారు." ఆఫీసులో, ఆస్పత్రిలో, కాలేజీ స్టాఫ్ రూములో, షోరూములో రోజూ వినపడే మాటలివి. వీటికి చాలామంది రెండే రకాలుగా స్పందిస్తారు. నెలల తరబడి మింగుకుని నిద్ర పాడుచేసుకుంటారు. లేదంటే ఒకరోజు ఓపిక నశించి, అందరి ముందూ ఎదురు అరిచి, రాజీనామా మొహాన కొట్టి వచ్చేస్తారు. రెండోది ఆ పూటకు హాయిగా ఉంటుంది కానీ, మర్నాటి నుంచి అక్కడివాళ్లు చెప్పుకునేది మీ అరుపు గురించే. ఆయన ఏడాదిగా అన్న మాటలు ఎవరికీ గుర్తుండవు.

పనికొచ్చే వరుస ఇది: ఆ క్షణంలో చిన్న మాటతో ఆపడం, ఆ సాయంత్రమే రాసిపెట్టుకోవడం, వారంలోపు విడిగా కూర్చుని చెప్పడం, అప్పటికీ మారకపోతే కాగితాలతో పైకి వెళ్లడం. ముందు రాజీనామా చేసి తర్వాత ఫిర్యాదు చేసినా, రాసుకోకుండా హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లినా ఈ వరుస తిరగబడి పని చెడుతుంది.

ముందు ఇది అవమానమేనా అని తేల్చుకోండి

కఠినంగా ఉండటం వేరు, చిన్నబుచ్చడం వేరు. ఆయన మాట దేని మీద పడుతోందో చూడండి. "ఈ రిపోర్టులో మూడు అంకెలు తప్పు, సాయంత్రం ఆరుకల్లా సరిచేసి పంపు" అన్నది ఎంత గట్టిగా అన్నా పని గురించిన మాటే. "నీ బుర్రలో ఏముంది? మీ ఊళ్లో ఇలాగే చేస్తారా?" అన్నది మనిషి గురించిన మాట. మొదటిదాని మీద ఫిర్యాదుకు వెళ్తే ఎవరూ పట్టించుకోరు. పైగా తర్వాత నిజమైన ఫిర్యాదుతో వెళ్లినా నమ్మరు.

మాటలే ఉండక్కర్లేదు కూడా. మీటింగులకు పిలవకపోవడం, మీరు చేసిన పనిని తన పేరుతో పైకి పంపడం, చిటికె వేసి పిలవడం, మీరు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకోవడం, మంజూరైన సెలవును ముందురోజు రాత్రి రద్దు చేయడం, రాత్రి పదకొండుకు ఫోన్ చేసి ఎత్తలేదని పొద్దున నిలదీయడం. ఇవి ఒక్కొక్కటీ చిన్నవిగా కనపడతాయి. వరుసగా తేదీలతో పెడితే తప్ప బయటివాళ్లకు అర్థం కావు.

ఏకవచనం దగ్గర కొంచెం జాగ్రత్త. కొన్ని ప్రాంతాల్లో, కొన్ని ఇళ్లలో పెద్దల్ని కూడా "నువ్వు" అనే పిలుస్తారు, అందులో చిన్నచూపు ఉండదు. ఆయన అందరినీ అలాగే పిలుస్తున్నారా, లేక పైవాళ్లను "గారు" అని, మిమ్మల్ని మాత్రం "ఏయ్, ఇటు రా" అని పిలుస్తున్నారా? తేడా అక్కడ ఉంది.

ఇంకో ప్రశ్నకు జవాబు ఇప్పుడే రాసుకోండి: ఈ ప్రవర్తన అందరితోనా, మీ ఒక్కరితోనా, ఆడవాళ్లతోనేనా, ఫలానా కులంవాళ్లతోనేనా, కాంట్రాక్టు సిబ్బందితోనేనా? ముందుముందు మీకు ఏ చట్టం వర్తిస్తుంది, ఏ గడప తొక్కాలి అన్నది చాలావరకు ఈ జవాబే నిర్ణయిస్తుంది.

ఆ క్షణంలో

పొడవైన జవాబు ఇవ్వకండి. గొంతు వణుకుతున్నప్పుడు మూడో వాక్యం దాకా వెళ్తే ఏడుపో కోపమో బయటపడుతుంది. ఒకటి రెండు వాక్యాలు ముందే ఎంచుకుని, ఇంట్లో బయటికి వినపడేలా పదిసార్లు అని చూసుకోండి. ఈ సాధన అనవసరమనిపిస్తుంది గానీ, అవసరమైనప్పుడు నోటికి వచ్చేది అలవాటైన మాటే.

తప్పు నిజంగా మీదైతే: "అవును సార్, ఆ ఎంట్రీ నేను చూసుకోలేదు. ఐదింటికల్లా సరిచేస్తాను. మాట మాత్రం కాస్త చూసి అనండి."

తప్పు మీది కాకపోతే: "సార్, ఈ విషయం విడిగా మాట్లాడదాం. వివరాలు నా దగ్గర ఉన్నాయి."

బూతులు వస్తుంటే: "మేడమ్, ఈ మాటలు వద్దు. పది నిమిషాలాగి వస్తాను." ఇలా చెప్పిన తర్వాతే లేవాలి. ఏమీ అనకుండా మీటింగులోంచి లేచి వెళ్తే దాన్ని ధిక్కారం కింద రాస్తారు. పది నిమిషాల తర్వాత తిరిగి వెళ్లడం కూడా అంతే ముఖ్యం.

"సారీ సార్, సారీ సార్" అని ఊరికే అనకండి. మనవాళ్లకు అది మర్యాదగా అలవాటైన మాటే కానీ, చేయని తప్పుకు నలుగురి ముందు నాలుగుసార్లు సారీ చెప్తే అది ఒప్పుకోలు అయిపోతుంది. సారీ ఒక్కసారి, ఫలానా తప్పుకు మాత్రమే. అలాగే ఆయన "నువ్వు" అంటున్నా మీరు "మీరు" వదలకండి. చూసేవాళ్లకు ఎవరి నోరు జారిందో వేరే చెప్పక్కర్లేదు.

వీడియో కాల్‌లో తిడితే చాట్‌లో వాదన పెట్టకండి. టీమ్ వాట్సాప్ గ్రూపులో తిడితే గ్రూపులో పని వరకే జవాబు ఇచ్చి, మిగతాది ఆయనకు విడిగా రాయండి. తోటివాళ్లతో మరో గ్రూపు పెట్టి అందులో ఆయన్ని తిట్టుకోవడం చాలా ఉద్యోగాలను పోగొట్టింది. అందులోంచి ఒక్క స్క్రీన్‌షాట్ బయటికి వస్తే చాలు, క్రమశిక్షణ చర్య ఎదుర్కోవాల్సినవాళ్లు మీరవుతారు.

సాయంత్రం రాసుకోవాల్సింది

ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి. జరిగిన రోజే రాయాలి. మూడు రోజులు గడిస్తే మాటలు మారిపోతాయి, నెల గడిస్తే బాధ ఒక్కటే మిగులుతుంది.

ప్రతి సంఘటనకూ ఇవి ఉండాలి: తేదీ, సమయం, చోటు, ఏ పని గురించి మాట మొదలైంది, ఆయన అన్న మాటలు అన్న భాషలో అన్నట్టుగానే, అక్కడ ఎవరెవరున్నారు, మీరేమన్నారు, తర్వాత ఏమైంది. విశేషణాలు వద్దు. "చాలా దారుణంగా అవమానించారు" అని రాస్తే అది మీ అభిప్రాయం. "మంగళవారం, ఉదయం 11:20, రెండో అంతస్తు మీటింగు గది. స్టాక్ రిపోర్టు గురించి. 'గాడిదలకు కూడా ఇంతకంటే తెలివుంటుంది' అన్నారు. ఐదుగురున్నాం. 'విడిగా మాట్లాడదాం సార్' అన్నాను. ఫైలు బల్ల మీద విసిరి వెళ్లిపోయారు" అని రాస్తే అది వాంగ్మూలం. బూతును చుక్కలు పెట్టి దాచకండి. సిగ్గనిపించినా ఉన్నదున్నట్టు రాయండి.

కుట్టిన పేజీలున్న నోటుబుక్కు మంచిది, విడి కాగితాలు తర్వాత చేర్చినవని అనొచ్చు. లేదా మీ సొంత మెయిల్ నుంచి మీ సొంత మెయిల్‌కే రాసి పంపుకోండి, తేదీ సమయం దానంతటదే పడుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ డైరీ పెట్టకండి. ఉద్యోగం పోయిన రోజు అదీ పోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పెద్ద పొరపాటు ఆఫీసు మెయిళ్లను మూటగట్టి సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోవడం. అందులో క్లయింటు వివరాలో, రోగుల వివరాలో, ధరల పట్టికో ఉంటే డేటా బయటికి తీసుకెళ్లారన్న కారణంతో మిమ్మల్నే తీసేయొచ్చు. అప్పుడు మీ ఫిర్యాదు పక్కకు పోయి మీ తప్పు ముందుకు వస్తుంది. ఆ మెయిల్ తేదీ, సమయం, సబ్జెక్టు మీ నోటుబుక్కులో రాసుకోండి. విచారణ జరిగితే కంపెనీ సర్వర్ నుంచే తెప్పించమని అడగొచ్చు.

మీ ఫోన్‌కు వచ్చిన వాట్సాప్ సందేశాలు, వాయిస్ నోట్‌లు వేరు. అవి మీవి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, అసలు చాట్ డిలీట్ చేయకండి, వీలైతే ఫోన్ మార్చకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అసలు పరికరం మీ చేతిలో ఉంటే అది సులువు.

మీరు పాల్గొన్న సంభాషణను మీరే రికార్డు చేసుకుంటే దాన్ని నేరమని చెప్పే ప్రత్యేక చట్టమేదీ మన దేశంలో లేదు. కానీ చాలా కంపెనీల నియమావళి ఆఫీసులో రికార్డింగును నిషేధిస్తుంది, అది ఉల్లంఘనే. ముందు ఆ నియమావళి చదవండి. మీరు లేని గదిలో ఫోన్ వదిలేసి రికార్డు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఎదురుగా కూర్చుని చెప్పడం

రెండో మూడో సంఘటన తర్వాత, వారంలోపు, పదిహేను నిమిషాలు సమయం అడగండి. "పని గురించి విడిగా ఒక మాట మాట్లాడాలి సార్, రేపు నాలుగింటికి వీలవుతుందా?" నెలాఖరు క్లోజింగు రోజు, రిలీజు రోజు, ఆయన పైవాళ్ల దగ్గర తిట్లు తిని వచ్చిన రోజు వద్దు.

చెప్పాల్సినవి మూడే. ఏం జరిగింది, దానివల్ల పనికి ఏమైంది, ఇకముందు ఏం కావాలి. "సార్, మంగళవారం మీటింగులో జూనియర్ల ముందు నన్ను గాడిద అన్నారు. ఆ రోజు నుంచి వాళ్లకు నేను పని చెప్తే వినడం లేదు. నాలో తప్పుంటే నన్ను లోపలికి పిలిచి ఎంత గట్టిగానైనా చెప్పండి, దిద్దుకుంటాను. నలుగురిలో వద్దు." ఇందులో "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట లేదు చూడండి. "ఎప్పుడూ" అంటే ఆయన "ఎప్పుడన్నాను?" అని మొదలుపెడతారు, మాట పక్కదారి పడుతుంది.

ఆయన ఏమంటారో ముందే ఊహించొచ్చు. "నేను అందరితోనూ అంతే" అంటే, "కావచ్చు సార్, నా వరకు నేను అడుగుతున్నాను" అనండి. "నీ మంచికే అన్నాను" అంటే, "మంచి మాటే విడిగా చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది సార్." "ఇంత సెన్సిటివ్ అయితే ఉద్యోగం ఎలా చేస్తావ్?" అంటే జవాబు అక్కర్లేదు. "నేను చెప్పాల్సింది చెప్పాను సార్, ఆలోచించండి" అని లేచి రండి. తమ మాట ఎంత గుచ్చుకుందో నిజంగా తెలియని బాస్‌లు కొందరుంటారు. వాళ్లకు ఈ ఒక్క సమావేశం సరిపోతుంది. అందుకే దీన్ని దాటేసి నేరుగా పైకి వెళ్లొద్దు. అయితే లైంగిక వేధింపు, కులదూషణ, చేయి చేసుకోవడం ఉంటే ఈ మెట్టు ఎక్కనక్కర్లేదు, ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లనూ వద్దు.

వచ్చాక అదే రోజు చిన్న మెయిల్ పెట్టండి. "ఈరోజు నాలుగింటికి సమయమిచ్చినందుకు ధన్యవాదాలు. పనిలో లోపాలుంటే విడిగా తెలియజేయాలని కోరాను. స్టాక్ రిపోర్టు శుక్రవారంలోగా ఇస్తానని చెప్పాను." అంతే. ఆఫీసు భాష ఇంగ్లీషైతే ఇదే మాట ఇంగ్లీషులో. ఫిర్యాదు వాసన రాకూడదు, కానీ ఫలానా తేదీన మీరు ఈ మాట అడిగారనడానికి రుజువు మిగలాలి.

నోటిమాట ఆదేశాలు

నోరు పారేసుకునే బాస్‌లలో చాలామందికి ఇంకో అలవాటు ఉంటుంది: పని నోటితో చెప్పి, తేడా వస్తే "నేనలా చెప్పలేదే" అనడం. ప్రతి నోటి ఆదేశానికీ ఒక లైను మెయిల్ పెట్టండి: "మీరు చెప్పినట్టు ఎ బ్యాచ్‌ను ఆపి బి బ్యాచ్ ముందు పంపుతున్నాను." జవాబు రాకపోయినా పర్లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇది హక్కు కూడా. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1964లోని 3వ నియమం ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలి. తప్పనిసరై నోటితో చెప్తే వెంటనే రాతలో ధ్రువీకరించాలి, తీసుకున్న ఉద్యోగి కూడా ఆ ధ్రువీకరణ అడగాలి. వార్షిక పనితీరు నివేదికలో కక్షగా రాశారనిపిస్తే, కేంద్ర ఉద్యోగులు నివేదిక తమకు అందిన 15 రోజుల్లోపు అభ్యంతరం పెట్టుకోవాలి. ఆ గడువును బాధలో మునిగి దాటేయకండి.

పైకి వెళ్లేటప్పుడు

హెచ్‌ఆర్ విభాగం కంపెనీ కోసం పనిచేస్తుంది. ఇందులో దాపరికం లేదు, తప్పూ లేదు. కాబట్టి మీ బాధతో పాటు కంపెనీకి జరుగుతున్న నష్టాన్ని కూడా చూపాలి: టీమ్ నుంచి ఎంతమంది వెళ్లిపోయారు, ఏ పని ఆగింది, ఏ క్లయింటు ముందు ఈ మాటలన్నారు. బాస్ పైన ఉండే మేనేజరు పనిని దగ్గరగా చూసేవారైతే ముందు ఆయన్ని కలవడం మంచిది. వాళ్లిద్దరూ ఒకే ఊరి స్నేహితులో, ఒకే బ్యాచో అయితే నేరుగా హెచ్‌ఆర్‌కే.

ఒకే పేజీ తీసుకెళ్లండి. ఇరవై సంఘటనలు రాసుకున్నా, సాక్షులు ఎక్కువున్న మూడు నుంచి ఐదు మాత్రమే పెట్టండి. కింద మీరు చేసిన ప్రయత్నం, అంటే ఆ విడి సమావేశం, దాని మెయిల్ తేదీ. ఆఖరున మీరు కోరేది. చాలా ఫిర్యాదులు ఈ ఆఖరి లైను లేక వీగిపోతాయి. "ఆయన మీద చర్య తీసుకోండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "నా పనితీరు సమీక్ష వేరే మేనేజరుతో చేయించండి", "టీమ్ మార్చండి", "సమీక్షల్లో మూడో వ్యక్తి ఉండేలా చూడండి" అంటే అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. నోటితో చెప్పి రాకండి, మెయిల్ పెట్టి, ఎప్పటిలోగా జవాబిస్తారో అడగండి.

తోటివాళ్లు కలిసొస్తే ఒకే లేఖ మీద పది సంతకాలు పెట్టించకండి. ఎవరో ఒకరు వెనక్కి తగ్గితే లేఖ మొత్తం బలహీనమవుతుంది. ఇద్దరు ముగ్గురు ఎవరికి జరిగింది వాళ్లు, వాళ్ల మాటల్లో, విడివిడిగా ఇవ్వాలి. పేరు లేని ఉత్తరాల మీద విచారణ సాగడం అరుదు. పైగా ఎవరు రాశారన్న వేట మొదలై అమాయకులు ఇరుక్కుంటారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 ప్రకారం 20 మంది అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉంటారు. వివాదం తలెత్తిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. అయితే మేనేజరు స్థాయివాళ్లు, నెలకు 18,000 రూపాయలు మించిన జీతమున్న సూపర్‌వైజర్లు ఈ కోడ్ లెక్కలో కార్మికులు కారు. హోదా పేరు చూసి నిర్ణయించుకోకండి. రోజూ చేసే అసలు పని ఏమిటన్నదే లెక్క.

చట్టం ఎక్కడ అండగా ఉంటుంది, ఎక్కడ ఉండదు

నిజం చెప్పాలంటే, కేవలం పరుషంగా మాట్లాడినందుకు బాస్‌ను శిక్షించే చట్టం మన దగ్గర లేదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తెలంగాణ కేసులోనే ఈ మాట స్పష్టం చేసింది. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో డైరెక్టరు తనపై గట్టిగా అరిచారని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పెట్టిన కేసును కొట్టేస్తూ, విధులకు సంబంధించి పై అధికారి మందలించడం పాత శిక్షాస్మృతి సెక్షన్ 504 కింద ఉద్దేశపూర్వక అవమానం కాదంది. ఇప్పుడు అదే నేరం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 352. కాబట్టి మామూలు తిట్లకు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే శ్రమే తప్ప ఫలితం తక్కువ. ప్రాణానికో, ఒంటికో, పరువుకో హాని చేస్తానని బెదిరిస్తే అది వేరు, అక్కడ సెక్షన్ 351 ఉంది.

మూడు పరిస్థితుల్లో మాత్రం చట్టం గట్టిగా నిలబడుతుంది.

మొదటిది లైంగిక వేధింపు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ప్రకారం 10 మంది అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోటైనా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఒంటి మీద చేయి వేయడం ఒక్కటే వేధింపు కాదు. లైంగికమైన మాటలు, సైగలు, వాటికి ఒప్పుకోనందుకు పనిలో చిన్నబుచ్చడం, ఉద్యోగం తీసేస్తానని సూచించడం కూడా దీని కిందికే వస్తాయి. ఆఖరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. అది నడుస్తుండగా మీరు బదిలీ గానీ, 3 నెలల వరకు సెలవు గానీ రాసి అడగొచ్చు, ఆ సెలవు మామూలు సెలవుల్లోంచి తగ్గదు. చాలామందికి ఈ వెసులుబాటు తెలియక రోజూ అదే మనిషి ఎదురుగా కూర్చుంటారు. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్, రెండు రాష్ట్రాల్లోనూ మహిళల హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి.

రెండోది కులదూషణ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 సెక్షన్ 3(1)లో ఆర్, ఎస్ క్లాజుల కింద, పదిమందికీ కనపడేచోట ఉద్దేశపూర్వకంగా అవమానించడం, కులం పేరుతో దూషించడం నేరం. అనేవారు ఎస్సీ, ఎస్టీలకు చెందనివారై ఉండాలి. "పదిమందికీ కనపడేచోట" అన్న మాట దగ్గరే చాలా కేసులు నిలుస్తాయి, పడిపోతాయి. తలుపు వేసిన గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అన్న మాటకు ఈ క్లాజులు నిలవడం కష్టం. మీటింగులో, కారిడార్‌లో బయటివాళ్ల ముందు అంటే వర్తిస్తాయి. అందుకే అక్కడున్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసుకోవాలి. జాతీయ హెల్ప్‌లైన్ 14566. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి.

మూడోది కక్షతో ఉద్యోగం తీసేయడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం సెక్షన్ 47 ప్రకారం, ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం, నెల రోజుల నోటీసు లేదా దానికి బదులు జీతం లేకుండా తొలగించకూడదు. ఐటీ, ఐటీ ఆధారిత సేవల (ఐటీఈఎస్) సంస్థలకు ఈ చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులిచ్చారు. కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లే ముందు మీ సంస్థ అందులో ఉందేమో తెలుసుకోండి.

ఫిర్యాదు చేసిన నెలకే మిమ్మల్ని పీఐపీలో, అంటే గడువు పెట్టి పనితీరు మెరుగుపరచుకోమనే ప్రణాళికలో, పెడితే కంగారుపడకండి, కాగితం మీద "అందింది" అని మాత్రమే సంతకం చేయండి. లక్ష్యాలు కొలవగలిగేవేనా, గడువు ఎంత, గత సమీక్షలో రేటింగు ఎంత, మధ్యలో ఏం మారింది అని మెయిల్‌లో అడగండి. ఫిర్యాదు తేదీ, పీఐపీ తేదీ పక్కపక్కన కనపడేలా రాయండి.

యజమానే బాస్ అయితే

చిన్న షోరూము, నర్సింగ్ హోమ్, ఆడిటర్ ఆఫీసు, ప్రైవేటు స్కూలు. ఇక్కడ హెచ్‌ఆర్ లేదు, పైన ఎవరూ లేరు. విడిగా చెప్పి చూడటం, రాసుకోవడం వరకే మీ చేతిలో ఉంటాయి. తర్వాతి మెట్టు వేరే చోటు వెతుక్కోవడమే. రెండు జాగ్రత్తలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తాకట్టులా దాచుకునే యాజమాన్యాలు విద్యాసంస్థల్లో ఎక్కువ. ఇవ్వక తప్పకపోతే ఏవేవి ఇచ్చారో రాసి సంతకంతో రసీదు తీసుకోండి. జీతం చేతికిచ్చే చోట, బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. రేపు మీరక్కడ పనిచేశారనడానికి అదే సాక్ష్యం.

ఒంట్లో, ఇంట్లో

ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, రాత్రి మూడింటికి మెలకువ, పిల్లల మీద విసుగు. ఇవి మొదలైతే డాక్టరును కలవండి. టెలి-మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో, ఉచితంగా మాట్లాడొచ్చు. డాక్టరు చీటీలు, మందుల బిల్లులు దాచండి, ఫిర్యాదుకు అవీ ఆధారమే. ఇంట్లో ఒకరికైనా జరిగింది జరిగినట్టు చెప్పండి. "సర్దుకుపో" అన్న సలహా వస్తుందని భయపడి చాలామంది దాచేస్తారు. చివరికి రాజీనామా కబురే ఇంట్లోవాళ్లకు మొదటి కబురవుతుంది.

బయటపడాల్సి వస్తే

మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని, వీలైతే ఇంకో ఆఫర్ లెటర్ వచ్చాకే కదలండి. నోటీసు కాలం, బాండు షరతు, గ్రాట్యుటీ తేదీ ఒకసారి చూసుకోండి. పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితే ఆఖరి మూల వేతనం, కరువు భత్యం కలిపి (ఆ రెండూ మొత్తం జీతంలో సగానికి తగ్గితే కొత్త కోడ్ ప్రకారం సగం జీతాన్ని) 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని ఏళ్లతో గుణిస్తే వచ్చేది గ్రాట్యుటీ. ఐదేళ్లు నిండకముందే కోపంతో వదిలేస్తే ఆ మొత్తం పోయే ప్రమాదముంది.

అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న తెలుగువాళ్ల లెక్క ఇంకా గట్టిది. ఉద్యోగం ఆగాక గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది, ఆలోగా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ముగిస్తే అంతకంటే తక్కువ. కొత్త యజమాని పిటిషన్ దాఖలయ్యాకే పాతచోట రాజీనామా ఇవ్వాలి.

గదిలోకి పిలిచి "ఇక్కడే సంతకం పెట్టు, లేకపోతే తీసేస్తాం, ఎక్కడా ఉద్యోగం రాదు" అంటే పెట్టకండి. "ఇంటికి వెళ్లి చదివి రేపు చెప్తాను" అనండి. ఒత్తిడికి పెట్టేసి ఉంటే ఆ రోజే, తెల్లారకముందే, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: ఎవరు పిలిచారు, ఎంతసేపు ఉంచారు, ఏమన్నారు, ఇష్టపూర్వకంగా చేసిన రాజీనామా కాదు. వారం తర్వాత పెట్టే మెయిల్‌కు ఈ బలం ఉండదు.

మీ అంతట మీరు వెళ్తుంటే రాజీనామా రెండు వాక్యాలు చాలు, తిట్లకు అది చోటు కాదు. ఫిర్యాదు నడుస్తుంటే మాత్రం "ఫలానా తేదీన ఇచ్చిన నా ఫిర్యాదు పరిష్కారం కాలేదు" అన్న వాక్యం తప్పక ఉండాలి, లేకపోతే మీరు ఏ బాధా లేకుండా వెళ్లారని అంటారు. చెప్పకుండా మానేస్తే "అబ్‌స్కాండ్" అని రాసేస్తారు. కొత్త కంపెనీ వాళ్లు పాత వివరాలు ఆరా తీసినప్పుడు అదే ముందు కనపడుతుంది.

ఆఖరి రోజుకల్లా రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, జీతపు స్లిప్పులు, ల్యాప్‌టాప్ ఐడీ కార్డు అప్పగించిన రసీదు చేతికి రావాలి. ఫారం 16 ఆర్థిక సంవత్సరం ముగిశాక వస్తుంది, దానికి మీ సొంత మెయిల్ ఇచ్చి రండి. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "నలభై ఐదు రోజులాగాలి" అంటే ఈ నిబంధన చూపించి మెయిల్‌లో అడగండి. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ వాళ్లు నమోదు చేయకుండా ఆపితే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు. ఆ నమోదు కోసం మళ్లీ ఆ బాస్ గది ముందు నిలబడనక్కర్లేదు.